ఆ చేప దిష్టి తీసుకుపోలేదు

హనుమకొండ జిల్లా మత్స్యశాఖ అధికారి గారికి,



మీ శాఖ పేరు చెప్పగానే మా హసన్‌పర్తిలో ఎవరికైనా చెరువే గుర్తొస్తుంది. వానలు పడ్డాక వదిలే చేపపిల్లలు, సొసైటీ వాళ్ల వలలు, రవ్వ, బొచ్చె, కొర్రమీను. ఈ ఉత్తరం వాటి గురించి కాదు. ఇళ్లలో, షాపుల్లో, ఆస్పత్రుల రిసెప్షన్లలో గాజు తొట్టిలో ఒంటరిగా తిరిగే ఒక చేప గురించి. దాని పేరు అరోవానా. చేపల మేలు చూసే శాఖ మీది కాబట్టి, దీని మేలు కూడా మీ దృష్టికే తేవాలనిపించింది.

మన దగ్గర దీన్ని వాస్తు చేప అంటారు. ఆగ్నేయాసియాలోని చైనీయుల ఇళ్లలో దీన్ని డ్రాగన్‌కు ప్రతిరూపంగా భావిస్తారు. నాణేల్లాంటి పెద్ద పొలుసులు, కింది పెదవి దగ్గర రెండు మీసాలు, మెలికలు తిరుగుతూ ఈదే తీరు చూస్తే ఆ ఊహ ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఆ నమ్మకం మన హాళ్ల దాకా వచ్చింది. వచ్చేటప్పుడు రెండు మాటలు వెంట తెచ్చింది. తొట్టిని గుమ్మానికి ఎదురుగానో, నలుగురూ తిరిగే హాల్లోనో పెట్టాలన్నది మొదటిది. చేప చనిపోతే ఇంటికి రావలసిన కీడును తన మీద వేసుకుని పోయినట్టే అన్నది రెండోది.

మొదటి మాట చేపను బెదరగొడుతోంది. రెండో మాట, అది ఎందుకు చచ్చిందో ఎవరినీ అడగనివ్వడం లేదు. నమ్మేవాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ నేను చూసినంతలో ఇళ్లలో చనిపోయే అరోవానాలు దిష్టి తగిలి పోవడం లేదు. మూతలేని తొట్టిలోంచి ఎగిరి నేల మీద పడి పోతున్నాయి. అమ్మోనియాతో మొప్పలు కాలి పోతున్నాయి. దోమల మందుకు పోతున్నాయి. చాలావరకు అంతకుముందే అవి బెదరడం మొదలుపెడతాయి. ఆ బెదురును ఇంట్లోవాళ్లు చేప స్వభావం అనుకుంటారు. అది స్వభావం కాదు. ఏదో బాగాలేదని చేప చెప్పగలిగే మాట అదొక్కటే.

కుదురుగా ఉన్న అరోవానా ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. నీటి పైభాగంలో, ఉపరితలానికి జానెడు లోపలే, రెక్కలు విప్పుకుని నిదానంగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్తుంది. చివర దేహాన్ని విల్లులా వంచి, తోక గాజుకు తగలకుండా మళ్లుతుంది. మీసాలు నిటారుగా ముందుకు ఉంటాయి. బెదిరిన చేప కింది మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, మొప్పలు గబగబా ఆడిస్తుంటుంది. పైన తిరగాల్సిన చేప అడుగున పడుకుందంటే అప్పుడే అనుమానించాలి. మనిషి దగ్గరికి వస్తే చాలు, ఒక్క ఉదుటున వెళ్లి అవతలి గాజుకు కొట్టుకుంటుంది. మూతి పగులుతుంది, పొలుసులు రాలుతాయి, మీసం విరుగుతుంది. మేత ముట్టదు.

మా వీధిలో ఒకాయన నన్ను పిలిచి, "అన్నా, దీనికి ఏదో పట్టినట్టుంది, లైటేస్తే చాలు గోడకు గుద్దుకుంటంది" అన్నాడు. వెళ్లి చూశాను. తొట్టి సరిగ్గా తలుపు పక్కన, స్విచ్‌బోర్డు కింద ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాజు మీద నీడ పడుతోంది. అదే బోర్డులో ఒక ప్లగ్గుకు గాలి మోటారు, పక్క ప్లగ్గుకు దోమల మందు మిషను. వెనకా, పక్కలా గాజుకు ఏ మరుగూ లేదు. మూత అంటే ఒక థర్మోకోల్ ముక్క. ఆ చేపకు ఏమీ పట్టలేదు. మనం దాన్ని పెట్టిన చోటు అలాంటిది.

అది పుట్టిన చోటు ఎలాంటిదో చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్మేది వెండి అరోవానా. దాని సొంత ఊరు అమెజాన్ పరీవాహకం. అక్కడ వరదకాలంలో నది పొంగి అడవిలోకి వస్తుంది. చెట్ల మొదళ్లు మునిగి, కొమ్మలు నీటికి అందేంత దగ్గరగా ఉంటాయి. అరోవానా ఆ కొమ్మల నీడలో తిరుగుతూ, పైన వాలిన పురుగులను నీళ్లలోంచి ఎగిరి పట్టుకుంటుంది. ఆరడుగుల దాకా ఎగురుతుందంటారు. అందుకే దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, కళ్లు పైచూపులో ఉంటాయి. ఆ నీటికి పైనుంచి వచ్చేవి రెండే, తిండి లేదా చేపలను పట్టే పక్షి. పైనుంచి దిగే ప్రతి చేయి, ప్రతి వల దానికి ఆ పక్షిలాగే కనిపిస్తుంది. దీని దగ్గరి బంధువు కాకపోయినా అదే పెద్ద వర్గానికి చెందిన చేప ఒకటి మన చెరువుల్లోనూ ఉంది. కత్తిలా పలుచగా, కింద పొడుగు రెక్కతో ఉండే నోటోప్టెరస్. అదీ పగలు గడ్డిలో నక్కి, చీకటి పడ్డాక బయటికి వచ్చే చేపే.

కాబట్టి మొదటి మందు నీడ. తొట్టికి వెనక, రెండు పక్కల ముదురు రంగు కాగితమో గుడ్డో బయటి నుంచి అతికిస్తే సగం బెదురు అక్కడే పోతుంది. మూడు వైపులా గోడ ఉందని చేపకు తెలుస్తుంది. చూడటానికి మనకు ముందు గాజు చాలు. పైన తేలే మొక్కలు కొన్ని వేస్తే నీడ దొరుకుతుంది. ఎండి రాలిన బాదం ఆకులు కూడా మంచివే. కాలనీల్లో, స్కూళ్ల ఆవరణల్లో పెరిగే నాటు బాదం ఆకులు. మందు కొట్టని చెట్టువి అయితే కడిగి ఒకటి రెండు వేయవచ్చు. నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి. చూసేవాళ్లకు మురికిలా అనిపించినా, అమెజాన్ నల్లనీటి పాయల్లో చేప చూసే రంగు అదే.

రెండోది వెలుతురు. ఇది మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. గాలివాన వస్తే కరెంటు పోతుంది, అర్ధరాత్రి వస్తుంది. స్విచ్ వేసే ఉండటంతో కటిక చీకటిలో ఉన్న చేప మీద ఒక్కసారిగా తెల్లని ఎల్‌ఈడీ పడుతుంది. చీకట్లో దాని కన్ను పూర్తిగా చీకటికి అలవాటుపడి ఉంటుంది. ఆ క్షణంలో ఎగరడం దాని తప్పు కాదు. మూతలేని తొట్టి అయితే పొద్దున నేల మీద దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు తొట్టి లైటు స్విచ్ ఆపేయాలి. గదిలో ఒక చిన్న జీరో వాట్ బల్బు వెలిగితే చీకటి మరీ చిక్కగా ఉండదు. పొద్దున ముందు గది లైటు వేసి, పది పదిహేను నిమిషాలయ్యాక తొట్టి లైటు వేయాలి. సాయంత్రం తొట్టి లైటు ముందు, గది లైటు తర్వాత ఆపాలి. పైసా ఖర్చు లేని పని ఇది. ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మూత గురించి రాజీ లేదు. బరువైన మూత, మూలల్లో గొళ్లెం, పైపులు వెళ్లే సందులు కూడా మూసి ఉండాలి. అరోవానా సందు చూసే ఎగురుతుందని పెంచేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు దోమల మందు సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే బెదురు అనుకున్న దాంట్లో కొంత నిజానికి విషం. ఇళ్లలో వాడే దోమల ద్రావణాల్లో, బొద్దింకల స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరెథ్రాయిడ్ రకం మందులు. మనుషులకు తక్కువ ప్రమాదం అని వాటిని వాడతాం. చేపలకు మాత్రం అవి అతి కొద్ది మోతాదులోనే విషం. నరాల మీద పనిచేస్తాయి. చేప వణుకుతుంది, అదుపు తప్పి దూసుకెళ్తుంది, పల్టీలు కొడుతుంది. చూసేవాడికి అది బెదిరినట్టే ఉంటుంది. గాలి మోటారు గదిలోని గాలినే లోపలికి లాగి బుడగలుగా నీళ్లలోకి నెడుతుంది. అంటే మందు మిషను పక్కన మోటారు పెడితే, ఆ గాలిని మన చేతులతో నీళ్లలో కలుపుతున్నట్టే. తొట్టి ఉన్న గదిలో దోమతెర కట్టుకోవడమే మేలు. స్ప్రే తప్పనిసరైతే మోటారు ఆపి, తొట్టికి తడిగుడ్డ కప్పి, గది గాలి మారాకే తిరిగి వేయాలి. ఇంట్లో మందుకొట్టిన బొద్దింకలను మేతగా వేసేవాళ్లను కూడా చూశాను. దయచేసి అలా చేయకండి.

వానాకాలంలో మునిసిపాలిటీ ఫాగింగ్ కూడా ఇదే కోవకు వస్తుంది. డెంగీ ఉన్నప్పుడు ఫాగింగ్ వద్దని ఎవరంటారు? గ్రేటర్ వరంగల్ మునిసిపల్ కార్పొరేషన్ వాళ్లు ఫలానా రోజు ఫలానా వీధికి వస్తామని ముందే చెప్పేలా మీ శాఖ ఒక మాట చెబితే, కిటికీలు మూసి, మోటారు ఆపుకునే వీలు మాకుంటుంది.

ఇక నీళ్లు. చాలా ఇళ్లలో నెలకోసారి మనిషి వచ్చి తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు తళతళలాడేలా తోమి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పిండి, కొత్త నీళ్లు నింపి వెళ్తాడు. ఇంట్లోవాళ్లకు తొట్టి అద్దంలా కనిపిస్తుంది. చేప మాత్రం ఆ రోజు నుంచే మూల పట్టుకుంటుంది. కారణం ఇది. చేప విసర్జించేది అమ్మోనియా. ఫిల్టర్లో, రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లతో ఫిల్టర్ కడిగితే అవి పోయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా మన దగ్గర చాలా బోరు నీళ్లు కఠినంగా, క్షారగుణంతో ఉంటాయి. నీళ్లు ఎంత క్షారంగా, ఎంత వేడిగా ఉంటే అమ్మోనియా అంత ఎక్కువ విషమవుతుంది. మే నెలలో వరంగల్‌లో తొట్టి ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు.

వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం చాలు. నల్లా నీళ్లైతే ఒకరోజు ముందే డ్రమ్ములో పట్టి గాలి పెట్టాలి, లేదంటే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు నేరుగా తొట్టిలోకి వదలకూడదు, అవి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఫిల్టర్ స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ ఒకటి ఇంట్లో ఉండాలి. వాటి అంకె సున్నా కాకుంటే చేప ఎందుకు బెదురుతోందని వేరే వెతకనక్కర్లేదు.

చలికాలం గురించి చిన్నమాట. ఇది 24 నుంచి 30 డిగ్రీల నీటిలో పెరిగే చేప. డిసెంబరు, జనవరిల్లో హీటర్ కావాలి. ఆ హీటర్‌కు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. లేకుంటే ఉలిక్కిపడ్డ చేప తోక దెబ్బకే అది పగులుతుంది.

చప్పుడు మాటకొస్తే, చేపలకు తల నుంచి తోక దాకా పక్కల్లో ఒక గీత ఉంటుంది. నీటిలో చిన్న కదలిక కూడా దాని ద్వారా తెలుస్తుంది. గాజు మీద వేలితో కొట్టడం, తొట్టిని టీవీ స్పీకరుకు ఆనించి పెట్టడం, తలుపు ధడేల్మని వేయడం దాకా అన్నీ ఆ గీతకు చేరతాయి. వినాయక నిమజ్జనం డీజే బండి వీధిలోకి వస్తే కిటికీ అద్దాలు అదురుతాయి కదా, తొట్టిలో నీళ్లు కూడా అదురుతాయి. తొట్టి స్టాండు కింద మందపాటి ఫోమ్ షీటు, గోడకు జానెడు ఎడం ఉంటే కొంత తగ్గుతుంది. పిల్లలు గాజు కొట్టకుండా తొట్టి కాస్త ఎత్తులో ఉండాలి. చేప కన్ను మన ఛాతీకి అటూ ఇటూగా ఉంటే మనం పైనుంచి వచ్చే పక్షిలా కనిపించం.

ఒంటరితనం కూడా బెదురుకు ఒక కారణమే. పక్కన వేరే చేపలు నిశ్చింతగా తిరుగుతుంటే భయపడే చేప కూడా కుదుటపడుతుంది. అరోవానా మింగలేనంత పెద్దవి, దాన్ని కొరకనివి కావాలి. పెద్ద తొట్టి ఉంటే సిల్వర్ డాలర్ చేపల గుంపు బాగా నప్పుతుంది. తొట్టి గోడలు శుభ్రం చేస్తుందని కొందరు కలిపి పెట్టే సక్కర్ చేప, జనం దయ్యం చేప అనేది, వద్దు. అది రాత్రిపూట పెద్ద చేపల పక్కల మీద అతుక్కుని జిగురు గోకుతుంది. పెద్దదయ్యాక విసిగిపోయి బయట వదిలేస్తే, మన చెరువుల్లో, కాలువల్లో ఇప్పటికే ఉన్న బెడద ఇంకా పెరుగుతుంది.

మేత సంగతి తేలిక. రోజూ ఒకే చోట, ఒకే వేళకు, అదే మనిషి వేయాలి. గుళికలు, రొయ్యలు, మందు తగలని పురుగులు సరిపోతాయి. బతికున్న చిన్న చేపలు వేస్తే జబ్బులు కూడా వాటితోనే వస్తాయి. కొత్తగా తెచ్చిన చేప కొన్నాళ్లు తినకపోయినా తొందరపడనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా కుదురుకోని సందర్భం ఒకటి ఉంది. తొట్టి చాలకపోవడం. ఇదే అసలు సమస్య. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం కూడా ఇదే. దుకాణంలో నాలుగైదు అంగుళాల పిల్ల కనిపిస్తుంది. రెండడుగుల తొట్టిలో వేసి ఇస్తారు. ఏడాది తిరిగేసరికి అది అడుగు దాటుతుంది. పెద్దదైతే రెండడుగులకు పైన. అప్పుడు దానికి కనీసం ఆరడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు, రెండడుగులకు తక్కువ కాని వెడల్పు కావాలి. ఆ తొట్టిలో పట్టే నీళ్లు సుమారు 680 లీటర్లు. అంటే గాజు, రాళ్లు, స్టాండు కాకుండా నీళ్ల బరువే 680 కిలోలు. అద్దె ఇంట్లో పైఅంతస్తులో ఉండేవాళ్లు ఇది ఎక్కడ పెడతారు? మంచిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే చేప ఇది. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. తిరగడానికి చోటు లేక గాజుకు కొట్టుకుంటుంటే, ఒకనాటి రాత్రి బకెట్లో వేసుకుని హసన్‌పర్తి చెరువులోనో, భద్రకాళి చెరువులోనో వదిలేద్దామన్న ఆలోచన వస్తుంది. అది చేపకూ మేలు కాదు, అక్కడ చేపపిల్లలు పోసి పెంచుకునే మత్స్యకారులకూ మేలు కాదు.

ఇంకో విషయం. ఎరుపు, బంగారు రంగుల్లో ఉండే ఆసియా అరోవానా వేరే జాతి. అది 1975 నుంచే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైట్స్ మొదటి అనుబంధంలో ఉంది. ఆగ్నేయాసియాలో ఒప్పందం కింద నమోదైన ఫారాల్లో పుట్టి, ఒంట్లో మైక్రోచిప్, వెంట సర్టిఫికెట్ ఉన్నవాటినే ఎగుమతి చేస్తారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అలాంటి జీవులు ఇంట్లో ఉంటే నమోదు తప్పనిసరి. దానికి 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి, నమోదు పరివేష్ పోర్టల్లో జరుగుతుంది. నమోదు అటవీశాఖ పని అయినా, ఆ చేపను కొనేవాడు ముందు వెళ్లేది చేపల దుకాణానికే. వెండి అరోవానాకు ఈ నమోదు అక్కర్లేదు. ఈ తేడా కొనేవాడికి తెలియాలి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంటి పెరట్లో అలంకార చేపల పెంపకానికి కూడా సాయం పెట్టారు. 3 లక్షల రూపాయల యూనిట్‌కు మామూలుగా 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ. చేపలను పెంచేవాడికి ప్రభుత్వం ఇంత చేసినప్పుడు, కొనేవాడికి ఒక కాగితం ఇవ్వమని కోరుతున్నాను. తెలుగులో, ఒక్క పేజీ. వరంగల్, హనుమకొండ, కాజీపేట దుకాణాల్లో అరోవానా తొట్టి పక్కనే అతికించాలి. పెద్దయ్యాక చేప పొడుగు, తొట్టి కొలత, నీళ్ల బరువు, మూత, లైటు వేసే వరస, దోమల మందు జాగ్రత్త, నమోదు అవసరమయ్యే జాతి. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ చేప అంటే ప్రేమ ఉంది, అది నాకు తెలుసు. సర్కారు కాగితం గోడ మీద ఉంటే, పెద్ద తొట్టి లేనివాడికి ఈ చేప వద్దు, గుప్పీలు తీసుకో అని చెప్పడం వాళ్లకూ తేలికవుతుంది.

రాసేవాళ్ల కొరత లేదు. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. మా ఊరికి వచ్చే దారిలోనే కాకతీయ యూనివర్సిటీ జువాలజీ విభాగం ఉంది. పెబ్బేరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. ఈ మూడింట్లో ఎవరినైనా కలిపి మీ ఆఫీసులో ఒక పూట కూర్చుంటే కాగితం తయారవుతుంది. దాంతో పాటు ఇంకో చిన్న ఏర్పాటు చేయగలిగితే మంచిది. చేప పెరిగి తొట్టి చాలనివాళ్లు, పెద్ద తొట్టి ఉన్నవాళ్లు తమ పేర్లు రాసుకునే ఒక రిజిస్టర్. అది ఉంటే ఎవరూ చీకట్లో బకెట్ పట్టుకుని చెరువు కట్ట ఎక్కరు.

కాగితం దీపావళికి ముందే దుకాణాలకు చేరేలా చూడండి. మొదటి పంక్తిగా ఆ రాత్రి చేయాల్సినది వేయండి: తొట్టికి దుప్పటి కప్పండి, మూత గొళ్లెం చూడండి, తొట్టి లైటు ఆపి గదిలో చిన్న బల్బు ఉంచండి, ఫిల్టర్ మాత్రం ఆపకండి, టపాసులు అయిపోయేదాకా మేత వేయకండి.

ఇట్లు,
హసన్‌పర్తి నుంచి,
అరోవానా పెంచే మీ జిల్లావాసి ఒకరు